మోనే కళ్ళు, మన ఫోను

పారిస్ వెళ్ళే మనవాళ్ళకి ఈమధ్య ఇంకో మొక్కు తోడైంది. ఐఫిల్ టవర్ ఎక్కడం అయింది, జనం తలల సందులోంచి మోనాలిసాని చూడడమూ అయింది. ఒక పూట మిగిలిందా, ఇక జివెర్నీ. చిత్రకారుడు క్లోద్ మోనే 1883లో అద్దెకు దిగి, 1890లో ఆ ఇంటినే కొనుక్కొని, 1926లో కన్నుమూసేదాకా కాపురమున్న పల్లె. 43 ఏళ్ళు ఆయన చూసి చూసి తనివి తీరని చోటికి మనం ఇచ్చేది రెండు గంటలు. అదీ ఉదారంగా. పొద్దున జివెర్నీ, భోజనమయ్యాక వెర్సాయ్ రాజప్రాసాదం, దీపాలవేళకి మళ్ళీ పారిస్ అని ఒకే రోజులో చుట్టబెట్టే టూర్లున్నాయి. వాటికి గిరాకీ కూడా ఉంది.

వెళ్ళొద్దని నేననను. తోట బాగుంటుంది. నా పేచీ అంతా ఆ తోటతో పాటు అమ్ముతున్న ఒక మాటతో. మోనే నిలబడ్డ చోటే నిలబడి, మోనే కళ్ళతో చూడొచ్చట!

కళ్ళ సంగతే ముందు తేల్చుకుందాం. 1912లో డాక్టర్లు ఆయనకి శుక్లాలని తేల్చారు. ఆపరేషనంటే భయం. 1923 దాకా ఏదో ఒక వంకతో వాయిదా వేస్తూ వచ్చాడు. ఈలోపు రంగులు తేడా తెలియక, గొట్టాల మీద పేర్లు చదువుకుని వాడుకున్నాడు. నీలాలు మాయమై బొమ్మలన్నీ ఎరుపూ గోధుమరంగూ కలిసిన మంటల్లా తయారైన కాలం అది. ఆయన కళ్ళతో చూడాలని పట్టుబట్టేవాళ్ళు ఈ సదుపాయం టికెట్‌లో కలిసే వస్తుందా, విడిగా కట్టాలా అని ముందే అడగడం మంచిది.

పోనీ, కళ్ళు మనవే. ఆ వెలుతురైనా చూడొద్దూ? మోనే తెల్లవారకముందే లేచే మనిషి. పొద్దుటి మంచులో పని చేసుకుని పదకొండున్నరకల్లా భోజనానికి కూర్చునేవాడు, ఆలస్యమైతే ఇంట్లో చిందులు తొక్కేవాడు. ఇప్పుడా తోట గేటు తెరిచేది తొమ్మిదిన్నరకి. మీరు వరసలో నిలబడి, టికెట్ చూపించి, కలువకొలను దగ్గరికి చేరేసరికి ఆయనకి ఆకలి వేసే వేళయిపోతుంది. సాయంత్రం ఆరింటికి గేటు మూసేస్తారు. వేసవిలో అక్కడ పొద్దుగుంకేది రాత్రి పదింటికి. ఆయన వెంటపడిన రెండు వెలుతుర్లూ, ఉదయానిదీ సాయంత్రానిదీ, మనకి తాళం అవతలే.

అయినా ప్లాన్ వేసేవాడి ఉత్సాహం తగ్గదు. ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. ఏప్రిల్‌లో తులిప్‌లు. మేలో కొలను మీది జపాన్ తరహా వంతెన మీద లేత ఊదారంగు పూల గుత్తులు. కలువలు నిండుగా పూసేది జులై దాటాక. ఈ మూడూ ఒకే మంగళవారం కావాలి. వాన పడకూడదు. ఎండ ముఖం మీద పడకూడదు. అన్నిటికీ మించి, జనం ఉండకూడదు. మోనే అయితే ఏం చేశాడు? 1891లో ఎప్త్ నది ఒడ్డున పోప్లర్ చెట్లు గీస్తుండగానే ఊరివాళ్ళు వాటిని వేలం వేస్తామన్నారు. ఆయన వెళ్ళి కలప వర్తకుడితో బేరం కుదుర్చుకుని, డబ్బిచ్చి, బొమ్మలు పూర్తయ్యేదాకా గొడ్డలి పడకుండా చూసుకున్నాడు. వెలుతురు మారితే కాన్వాసు మార్చడం, మర్నాడు అదే వేళకి వచ్చి పాత కాన్వాసు అందుకోవడం ఆయన పద్ధతి. మన షీట్‌లో ఆ పనికి పదిహేను నిమిషాల గడి ఉంది. పక్క గడిలో కాఫీ.

ఇంకో ముచ్చట, కల్తీ లేని పల్లె ప్రకృతి. 1893లో మోనే రోడ్డవతల నేల కొని, ఏటిపాయ నుంచి నీళ్ళు మళ్ళించి కొలను తవ్విస్తానన్నప్పుడు చుట్టుపక్కల రైతులు ఎదురు తిరిగారు. ఈ పరదేశపు మొక్కలు నీళ్ళని విషం చేస్తాయి, మా పశువులు ఏం తాగాలి అన్నారు. ఆయన పైఅధికారులకి అర్జీలు పెట్టి పని కానిచ్చుకున్నాడు. పూలతోటకీ నీటితోటకీ మధ్య నుంచి రైలు వెళ్ళేది. రోడ్డు దుమ్ము కలువాకుల మీద పడుతోందని సొంత డబ్బుతో తారు వేయించాడు. ఆకులు తుడిచి శుభ్రం చేయడానికి పడవలో ఒక తోటమాలి. అంటే ఇది ఆ కాలానికి కొత్తవైన సంకరజాతి కలువలతో, జీతగాళ్ళతో నడిచిన పెద్ద కట్టడం. ఆయన తర్వాత అది పాడుబడిపోయింది కూడా. 1977 నుంచి వెర్సాయ్ ప్రాసాద క్యూరేటర్ గెరాల్డ్ వాన్ దెర్ కెంప్ అమెరికా దాతల సొమ్ముతో పూడిన కొలను తవ్వించి, కుళ్ళిన వంతెన స్థానంలో కొత్తది కట్టించి, 1980లో జనానికి తలుపులు తీశాడు. గొప్ప పనే. మోనే నిలబడ్డ వంతెన ఇదేనంటూ రెయిలింగు తడిమి చూసుకునేవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పరు, పాపం.

ఆ వంతెన మీద జరిగేది చూడాలి. ఏడాదికి ఐదు లక్షలకు పైబడి జనం వచ్చే చోట ప్రతివాడికీ మనిషి కనిపించని ఫోటో కావాలి. ఆయన కలువల బొమ్మల్లో మనుషులుండరు కదా మరి. కాబట్టి ఒకడు పోజు పెడతాడు, నలభైమంది ఆగుతారు. 'అబ్బ, ఎక్కడి జనమండీ' అని విసుక్కునేవాడు పొద్దున వాళ్ళతోనే ఒకే బోగీలో వచ్చాడు.

సరే, బొమ్మల మాటేమిటి? మోనే ఇంట్లో మోనే బొమ్మలు అసలువి లేవు. పసుపు భోజనాల గది, నీలం వంటిల్లు, ఆయన మనసుపడి కూడబెట్టిన జపాన్ ముద్రణా చిత్రాల సేకరణ ఉన్నాయి. గోడలకున్న మోనేలు మాత్రం నకళ్ళు. అసలువి పారిస్‌లోనే ఉన్నాయి. మార్మొతాన్ మ్యూజియంలో కొన్ని గదుల నిండా ఉన్నాయి. ఒరాంజెరీ మ్యూజియంలో రెండు కోడిగుడ్డు ఆకారపు హాళ్ళలో, 2 మీటర్ల ఎత్తున, కలిపి చూస్తే దాదాపు 100 మీటర్ల పొడవున గోడలన్నీ కలువలే. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన మర్నాడు దేశానికి కానుకిస్తానని స్నేహితుడు, అప్పటి ప్రధాని క్లెమెన్సోకి రాసి, చివరి శ్వాస దాకా దిద్దుకున్న పని అది. జివెర్నీకి రైలెక్కే సాన్-లజార్ స్టేషన్ నుంచి ఒరాంజెరీకి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల దారి వదిలేసి, వెర్నాన్ దాకా ముప్పావుగంట రైలు, ఆపైన బస్సు పట్టుకుని నకళ్ళ దర్శనానికి పరిగెడుతున్నాం. పైగా ఆ స్టేషన్‌నే మోనే 1877లో పొగతో, ఆవిరితో, గాజుకప్పుతో సహా డజను కాన్వాసుల మీదకి ఎక్కించాడు. దాని కింద నిలబడ్డవాళ్ళెవరూ తల పైకెత్తరు, వెర్నాన్ రైలు ఏ ప్లాట్‌ఫారమో బోర్డు మీద వెతుక్కోవాలి కదా.

ఒరాంజెరీ కలువలు గీయడానికి మోనే యుద్ధకాలంలో పెరట్లో కొట్టంలాంటి పెద్ద స్టూడియో కట్టించాడు. దాని వికారం చూసి ఆయనే సిగ్గుపడ్డాడు. ఇప్పుడది తోట వారి దుకాణం. కలువల గొడుగులు, కలువల కళ్ళద్దాల పెట్టెలు, కలువల ఫ్రిజ్ మాగ్నెట్లు. కొలను దగ్గర పది నిమిషాలకే కాళ్ళు లాగుతున్నాయన్నవాళ్ళు ఇక్కడ అలుపు లేకుండా ముప్పావుగంట నిలబడతారు. ఎక్సెల్ షీట్‌లో దీనికి మాత్రం గడి ఉండదు. అందుకే వెర్నాన్ బస్సు తప్పిపోయేది ఎప్పుడూ ఇక్కడే.