డైట్ తులాభారం

70 కిలోల మనిషి రోజుకు 9 నుంచి 14 టిన్నుల డైట్ కూల్‌డ్రింకు దాటితే తప్ప హద్దు మీరినట్టు కాదట. 2023 జులై 14, శుక్రవారం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్క చెప్పి లోకం గుండెల మీద బరువు దించేసింది. అంతకు ముందు రెండు వారాలు పేపర్లలో ఒకటే గోల, డైట్ డ్రింకుల్లో తీపి కోసం వేసే ఆస్పర్టేమ్ కేన్సర్ తెస్తుందేమోనని. పుదుచ్చేరి ఉప్పళంలో మా వీధి చివరి కొట్టాయన పాపం బెదిరిపోయి ఆ టిన్నుల్ని ఫ్రిజ్జులో అడుగు అరకు దించేశాడు. శుక్రవారం సాయంత్రానికల్లా అవి మళ్ళీ కళ్ళెదుటి అరలోకి వచ్చేశాయి.

ఆ రోజు ఒకే ప్రకటనలో రెండు తీర్పులు వచ్చాయి. మా ఊళ్ళో ఫ్రెంచివాళ్ళ జాతీయ దినం జరుపుకుంటుంటే, అదే ఫ్రాన్సులో లియోన్ నగరం నుంచి కేన్సర్ పరిశోధన సంస్థవారు కానుక పంపారు. ఆస్పర్టేమ్‌ను ‘మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశం ఉంది’ అనే 2బి గూట్లో పెట్టామన్నారు. కాలేయ కేన్సర్ విషయంలో పరిమితమైన ఆధారాలు దొరికాయట. (అదే గూట్లో కలబంద ఆకు సారమూ, ఆసియా సంప్రదాయ పచ్చళ్ళూ ఉన్నాయి. ఆవకాయ పేరు ఎక్కడా లేదు, కంగారు పడకండి.) రెండో సంఘంవారు ఆహారంలో కలిపే పదార్థాల నిపుణులు. తాము 1981లో గీసిన గీత, అంటే కిలో ఒంటి బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములు, చెరపాల్సిన అవసరం కనబడలేదన్నారు. ఒకరు ఆ పదార్థానికి కేన్సర్ తెచ్చే గుణం ఉందా అని చూస్తారు, ఇంకొకరు ఎంత పుచ్చుకుంటే ముప్పు అని చూస్తారు, కనుక రెండూ సరైనవేనని పెద్దలు విడమరిచి చెప్పారు. బాగానే ఉంది. నా బుర్ర మాత్రం ఆ ‘కిలోకు 40’ దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే అది రేషను. 50 కిలోల అర్భకుడికి రోజుకు 2000 మిల్లీగ్రాములు, 100 కిలోల భారీ మనిషికి 4000. టిన్నుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములని వాళ్ళే అనుకున్నారు. ఆ లెక్కన సన్నటివాడికి 6 నుంచి 10 టిన్నులు, లావుపాటివాడికి 13 నుంచి 20. బరువు తగ్గుదామని డైట్ డ్రింకు మొదలుపెట్టిన మనిషి నిజంగానే తగ్గాడనుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ 40 మిల్లీగ్రాముల చొప్పున వాడి హక్కు కోసుకుపోతుంది. పథ్యం ఫలించినందుకు జరిమానా! అయితే బరువు తగ్గించుకోవడానికి ఈ కృత్రిమ తీపులు వాడొద్దనీ, దీర్ఘకాలంలో వాటివల్ల కొవ్వు తగ్గిన దాఖలా లేదనీ ఇదే ఆరోగ్య సంస్థ ఆ ఏడాది మే నెలలో చెప్పింది. కాబట్టి జరిమానా కట్టేవాళ్ళు ఎక్కువమంది ఉండరులెండి.

ఇంత గొప్ప సూత్రాన్ని చిత్తశుద్ధితో అమలు చేయగల ప్రభుత్వం దేశంలో ఏదైనా ఉంటే అది మా పుదుచ్చేరి ప్రభుత్వమే. బియ్యానికి బదులు ఖాతాల్లో డబ్బులేసి రేషను షాపుల్ని ఏళ్ళ తరబడి మూసిపెట్టిన ఊరిది. 2023లో ఖాళీ షాపులు, పనిలేని సిబ్బంది, తుప్పు పట్టిన కాటాలు, అన్నీ సిద్ధంగా ఉండేవి. సరుకు ఒక్కటే తక్కువయింది. పేరు కూడా ఆలోచించి పెట్టాను: డైట్ తులాభారం.

తులాభారం మనకు కొత్తా? మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారమని ఒంటి బరువు బెల్లం తూచి ఇచ్చుకునే జాతి మనది. సత్యభామ నగలన్నీ కుప్పపోసినా తూగని కృష్ణుడు రుక్మిణి వేసిన తులసిదళానికి తూగాడంటే చేతులు జోడించిన జాతి. ఆస్పర్టేమ్ మహిమా అలాంటిదే. చక్కెరకంటే 200 రెట్లు తీపి. ముప్పై అయిదు గ్రాముల చక్కెర పట్టే చోట చిటికెడు పొడి వేస్తే తక్కెడ సరి. కథలో ఇక నారదుడి వేషమే మిగిలింది. దానికి వ్యాపార ప్రకటనలు రాసేవాళ్ళున్నారు.

పథకానికి కేంద్రం ఉప్పళం ఇందిరా గాంధీ స్టేడియం. పౌరులందరూ పొద్దున్నే పరగడుపున వచ్చి కాటా ఎక్కాలి. కాదు కాదు, పరగడుపున వస్తే నష్టం, టిఫిను చేసి రావాలి. పాతకాలం రైల్వే స్టేషన్లలో మిషనెక్కి నాణెం వేస్తే రాలేదే, అలాంటి అట్టముక్క రాలుతుంది. ముందువైపు బరువు, వెనకవైపు జాతకానికి బదులు ఆ రోజుకి టిన్నుల కోటా. భారీకాయుల కోసం పక్కనున్న రేవు దగ్గర లారీలు తూచే కాటా ఒకటి వేయించాలి. ప్రారంభోత్సవానికి మంత్రులనే తూస్తే సరిపోతుంది. అరటిపళ్ళతో తూగడం వాళ్ళకి అలవాటే. 2023లో తెలంగాణకూ మాకూ గవర్నరు ఒక్కరే, పైగా వైద్యురాలు. అప్పుడే ఇక్కడ పథకం గట్టెక్కి ఉంటే హైదరాబాదు ఫైలు కోసం ఇంకెవరి గడపా తొక్కాల్సిన పని ఉండేది కాదు.

పథకమన్నాక అక్రమాలూ ఉంటాయి. లుంగీ మడతల్లో గులకరాళ్ళు, జేబుల్లో ఇనప బోల్టులు, తడిపి కట్టుకొచ్చిన దుప్పట్లు. ‘వేరే తిండిలో ఆస్పర్టేమ్ ఏమీ లేకపోతేనే’ అని ప్రకటనలో ఒక షరతుంది కనుక, కాటా దగ్గర గుమాస్తా ప్రతివాడి నోరూ తెరిపించి షుగర్‌ఫ్రీ చ్యూయింగ్ గమ్ ఉందేమో చూడాలి. దగ్గు మందు తాగినవాడు ఒప్పుకోవాలి. మైదానంలో పరిగెత్తే కుర్రాళ్ళు చెమటతో పాటు కోటా కూడా కార్చుకుంటుంటే, గ్యాలరీలో బజ్జీలు తినేవాళ్ళకు పూటపూటకీ పెరుగుతుంది. ‘నెలలో పది కిలోలు తగ్గిస్తాం’ అని బోర్డు కట్టిన జిమ్ముల మీద పౌరసరఫరాల శాఖ కేసు పెడుతుంది, ప్రజల రేషను కోతకు కుట్ర పన్నారని. సంబంధాల బజారు సంగతి చెప్పనే అక్కర్లేదు.

“అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?”

“ఏం చెయ్యడండీ. 110 కిలోలు. రోజుకు 22 టిన్నులు.”

వారాంతాల్లో చెన్నై నుంచి దిగే కార్ల జనానికి విడిగా ఒక కౌంటరు పెట్టాలి. మా ఊరి చవక మందులో వాళ్ళు కలుపుకునేది డైట్ కోలా, ఆరోగ్యం చూసుకోవాలి కదా. లియోన్ వాళ్ళ పట్టికలో మద్యం ఒకటో గూట్లో ఉంది. కేన్సర్ కారకమని 1988లోనే తేల్చేశారు, అనుమానం లేదు. కోలాలోది 2బి. అంటే ఆ గ్లాసులో అనుమానించాల్సింది కోలా ఒక్కదాన్నే.

మా పక్కింటి బాబాయిగారిది యానాం. ఉద్యోగం బదిలీ మీద ఇటొచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. 92 కిలోలు. పథకం వివరాలన్నీ శ్రద్ధగా విన్నారు.

“అయితే నాకెన్నొస్తాయిరా?”

“12 నుంచి 18, బాబాయ్.”

“మీ పిన్ని తాగదు. ఆవిడ వాటా నా కార్డులోకి మార్పించొచ్చా?”

“ఒంటి బరువు లెక్క కదా, కుదరదు. మీరే పెరగాలి. అయిదు కిలోలకు ఒక టిన్ను.”

“అంతే కదా. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తానుండు.”

“షుగరు పెట్టుకుని పూతరేకులేమిటి బాబాయ్?”

“కోటా కోసంరా!”

లోపల్నుంచి పిన్ని ఏదో అంది. అది రాయదగ్గ మాట కాదు.

అసలు ఆయన ఆ టిన్నులు మొదలుపెట్టిందే షుగరొచ్చాక. పండగ పూట అందరూ తీపి తింటుంటే తనకూ ఒక తీపి ఉందని చెప్పుకోవడానికి. ఆయన ఒక్కరే కాదు. మధుమేహం మీద ఐసీఎంఆర్ చేయించిన దేశవ్యాప్త సర్వే 2023 జూన్‌లో లాన్సెట్ వారి మధుమేహ పత్రికలో వచ్చింది. దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో నూటికి 11.4 మందికి షుగరుంటే, పుదుచ్చేరిలో 26.3. గోవా 26.4తో మొదటి స్థానం కొట్టేసింది గానీ, ఒక్క పాయింటులో పదోవంతు తేడాతో బంగారం చేజారిందని మేము బాధపడుతున్నాం. నలుగురు నడుస్తుంటే ఒకరికి షుగరున్న ఊళ్ళో ‘నో షుగర్’ అన్న రెండు మాటలకు ఎంత గిరాకీ ఉంటుందో కంపెనీలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆరోగ్య సంస్థ మే నెల సలహాలో ఇంకొక వాక్యం ఉంది. ఇది అప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకు వర్తించదు, అని. కేవలం వాళ్ళ మీద చేసిన అధ్యయనాల్ని పరిశీలనలోకి తీసుకోలేదు కనుక శాస్త్రం ప్రకారం తప్పు లేదు. కానీ ఈ టిన్నుల్ని ఎవరు పనిగట్టుకుని కొంటారో వాళ్ళకే చెప్పడానికి ఒక్క ముక్క లేకుండా పోయింది. వాళ్ళకు మిగిలింది ఆ 9 నుంచి 14 లెక్క ఒక్కటే.

సరే, లెక్కే చేద్దామని కొట్టుకెళ్ళి ఒక టిన్ను తీసి తిప్పాను. వెనకాల చీమ తలకాయంత ఇంగ్లీషు. స్వీటెనర్లు 951, 950 అని నంబర్లు. పిల్లలకు తగదని ఒక ముక్క. ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్ళు తాగొద్దని ఇంకో ముక్క. పుట్టగానే పరీక్ష చేస్తే తప్ప వేళకు బయటపడని జబ్బది, ఆ పరీక్ష పుట్టిన ప్రతి బిడ్డకూ చేసే ఏర్పాటు దేశమంతటా లేదు. ఆస్పర్టేమ్ ఎన్ని మిల్లీగ్రాములు వేశారో మాత్రం ఆ టిన్ను మీద పైనుంచి కిందిదాకా ఎక్కడా లేదు.

ఇదేనా మీ శాస్త్రం? హద్దు మిల్లీగ్రాముల్లో పెట్టారు. ఒంటి బరువు మమ్మల్ని తెచ్చుకోమన్నారు, తెచ్చుకున్నాం. మూడో అంకె లేకుండా లెక్క ఎలా తేలుతుంది? 200 నుంచి 300 అన్నది జెనీవాలో ఆరోగ్య సంస్థవారు ఉదాహరణకు అనుకున్న అంకె. నా చేతిలో ఉన్న టిన్నులో ఎంతుందో జెనీవాకు తెలియదు, కొట్టాయనకు తెలియదు, బాబాయిగారికి చికిత్స చేసే డాక్టరుకూ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, ఫ్యాక్టరీలో దాన్ని తూచి వేసినవాడు. వాడు చెప్పడు, వాడిని చెప్పమని అడిగేవాడు లేడు. ఆ మాట దాచిపెట్టి, అయిదేళ్ళ పాప చేతికి కూడా ఆ టిన్ను అందే ఎత్తులో ఫ్రిజ్జు పెట్టి, ‘మితంగా తాగండి’ అని మాకు బుద్ధులు చెబుతున్నారు. 15 కిలోల పిల్లకు ఎంత మితం? పిల్లలకు తగదన్న ఆ ముక్క చదవడానికి దాని నాన్న కళ్ళద్దాలతో పాటు ఇంగ్లీషు కూడా కొనుక్కోవాలా?

చక్కెర కోలానా, తీపి పొడి కోలానా అన్న సందేహం వస్తే మూడో దారి కూడా ఉంది, మంచినీళ్ళు తాగండి, అన్నారు ఆరోగ్య సంస్థలో పోషకాహార విభాగం అప్పటి పెద్ద ఫ్రాంచెస్కో బ్రాంకా. ఆ పెద్దమనిషి ఒకసారి మా తీరానికి వచ్చి చూడాలి. సముద్రం భూమి లోపలినుంచి బావుల్లోకి పాకుతున్న ఊరు ఇది. బోరు వేస్తే ఉప్పు తగులుతుంది, తాగే నీళ్ళు క్యాన్లలో కొనుక్కునే ఇళ్ళే ఎటు చూసినా. కొట్లో అదే ఫ్రిజ్జులో టిన్ను పక్కన నీళ్ళ సీసా ఉంటుంది, చాలాసార్లు అదే కంపెనీది. మూడో దారికీ టోలు గేటు పెట్టారు, డబ్బు వెళ్ళేది ఆ జేబులోకే.

ఢిల్లీలో ఆహార భద్రతా సంస్థ అని ఒకటుంది. పిల్లలకు తగదని రాయించింది వాళ్ళే. రాయించగలరని తేలింది కదా, ఇంకొక్క అంకె రాయించండి. ఎన్ని మిల్లీగ్రాములు? టిన్ను ముందువైపు, బ్రాండు పేరు ఎంత లావు అక్షరాల్లో ఉందో అంత లావున. ఇక్కడ తమిళంలో, యానాంలో తెలుగులో, మాహేలో మలయాళంలో. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు, లియోన్‌లో సమావేశం అక్కర్లేదు, ఇంకో నలభై ఏళ్ళు ఆగక్కర్లేదు. ప్రతి బ్యాచికీ మిల్లీగ్రాము తేడా రాకుండా తూచుకుంటున్న అంకె అది. మాకు చెప్పడానికి మీకొచ్చిన అడ్డమేమిటి?