పటాలాయన

అమరాపురమున వక్కతోటల పుణ్యమా యని నాలుగు రూకలు కూడబెట్టి క్రొత్త మిద్దె కట్టుకొన్న గృహస్థునకు, గృహప్రవేశము నాడు పురోహితుడెంత యవసరమో, మరునాడు పటాలాయన యంత యనివార్యుడు. ఇతడు చిత్తరువులు వ్రాయడు, పటములు కట్టడు. ఏ గోడకు ఏ పటము, ఎంత కొలతతో, ఏ యెత్తున వ్రేలాడవలెనో నిర్ణయించి, ఆ గదిలో కాలు పెట్టువాని చిత్తవృత్తిని ముందుగనే శాసింప బూనిన నిష్కామకర్మి.

భరతముని చెప్పిన యెనిమిది రసములును మన గదుల కొరకే పుట్టినవని ఇతని సిద్ధాంతము. పడసాలకు వీరము, పడకటింటికి శృంగారము, అప్పులవారు వచ్చి కూర్చుండు అరుగు కెదురుగా భయానకము. వంటింట మాత్రము రసమునకు కొదవ లేదని విడిచిపెట్టును.

పూర్వపు ఇండ్లలో రవివర్మ లక్ష్మీసరస్వతులును, గాంధీ నెహ్రూలును, దండలు వేసిన తాతముత్తాతలును దూలము క్రింద వరుసదీరి, నేలపై కూర్చున్నవారిని చూచుటకు కాబోలు ముందునకు వంగి యుండెడివారు. వారి వీపుల వెనుక పిచ్చుకలు కాపురము చేసెడివి. ఆ వరుస కంటబడిన చాలు, ఈయన ముక్కు విరుచును: "ఇన్నెందుకప్పా? గోడకొకటే ఉండల్ల. చూస్తానే గుండె జల్లుమనల్ల!" ఇతనికి ప్రమాణము లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలపు మంటపము కప్పున సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున వెలసిన వీరభద్రుని, మెడ పట్టునంతవరకు చూచి వచ్చిన నాటినుండి, పండ్రెండడుగుల పడసాలలకు సైతము అదే దామాషా విధించుచున్నాడు.

ఒక వక్కల రైతు ఇంట, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటనుండి తెప్పించిన నిలువెత్తు తోలుబొమ్మ హనుమంతుని, ముందు అద్దము, వెనుక దళసరి అట్ట బిగింపించి గోడకెక్కించినాడు. నిమ్మలకుంట సామాన్యమైన ఊరు కాదు. 2020లో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ తెచ్చిన విద్య అచటిది. మేకతోలును వెలుతురు దూరునంతవరకు గీకి పలుచన చేసి, ఉలితో సన్నని రంధ్రములు పొడిచి, రంగులద్దిన ఆ బొమ్మకు ప్రాణము వెనుకనున్న దీపములో నుండును. గోడకంటుకొన్న మారుతి నల్లబడి, లంకాదహనమున తానే మాడినవాడై కనిపించెను.

"ఏందన్నా, సామి కడుపులో లైటు ఆరిపోయినట్లుండాదే?" అని ఇల్లాలు, పటాలాయన కాఫీ త్రాగి ముగించులోపల, పటము దింపించి, అట్ట యూడదీయించి, పడమటి కిటికీకి కట్టించినది. సాయంకాలపు టెండ దూరగానే ఎరుపును పసుపును వక్కమూటల మీదికి దిగి, ఆంజనేయుడు నిజముగనే లంఘించుచున్నట్లయ్యెను.

"నేను చెప్పిందీ ఇదే కదమ్మా!" అనెను పటాలాయన.

ఆయన కీర్తి ఇపుడు మడకశిర దాటి హిందూపురము వరకు ప్రాకినది. కావున క్రొత్త మిద్దె కట్టువారలారా, మేకు కొట్టించుటకు ముందు వెలుతురు ఎటునుండి వచ్చునో ఇంటి యాడవారిని అడుగుడు. పటాలాయనను అడుగనక్కరలేదు, ఆయనే వచ్చును.