ఓపెన్ టెన్త్ పెద్దమనిషి

సబ్బవరం జంక్షన్‌లో టీకొట్టు దగ్గర యాభై దాటిన మనిషెవరైనా పక్కనున్న కుర్రాణ్ణి పట్టుకుని, "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏటో చెప్పు చూద్దాం" అని గద్దిస్తూ కనిపిస్తే మాస్టారనుకోకండి. ఆయనకి జవాబు నిజంగానే తెలీదు. ఈసారి పరీక్షలో ఆ ప్రశ్న వస్తుందని ఎవరో చెవిన వేశారు.

ఈయన్ని మేం ఓపెన్ టెన్త్ పెద్దమనిషి అంటాం. ఊరికి ముగ్గురు నలుగురు ఉంటారు, మీ ఊళ్ళోనూ వెతకండి. మా వాడు ఇస్త్రీ తెల్లచొక్కా, రెండు ఫోన్లు, ఒక బుల్లెట్టు. ఆనందపురం నుంచి అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు పడ్డాక స్థలాల బేరాల్లో నిలదొక్కుకున్నాడు. ఎకరానికి 4840 గజాలు, సెంటుకి 48.4. ఎన్ని సెంట్లు, గజం ఎంత, కమీషన్లో ఎవరి వాటా ఎంత అన్నది టీ చల్లారేలోగా నోటితోనే తేల్చేస్తాడు. అంతటివాడూ ఓపెన్ స్కూల్ దరఖాస్తులో అయిదు సబ్జెక్టులు ఎంచుకోమనగానే ముందు లెక్కలు కొట్టేశాడు. "లెక్కలంటే నాకు చిన్నప్పట్నుంచీ బయం బాబూ!" దాని బదులు గృహవిజ్ఞానశాస్త్రం పెట్టుకున్నాడు. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టి ఎరగడు.

ఈ వయసులో చదువెందుకంటే కారణాలు చెబుతాడు. వాటిని ప్రభుత్వాలు ఒక్కొక్కటే ఊడపీకేశాయి. లారీ నడపడానికి లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి ఉండాలని కేంద్రం నిబంధన ఒకటుండేది. ఈయన ఏడుతో ఆపినవాడు. సరే, చదువుదామని మనసు గట్టిచేసుకునేసరికి 2019లో ఆ నిబంధనే పోయింది. "నాలుగు రోజులు ఆగలేకపోయారు" అని ఇప్పటికీ నిష్ఠూరమే. ఇంకో కారణం సర్పంచి పదవి. హర్యానాలో 2015లో చట్టం తెచ్చి, పంచాయతీకి నిలబడే జనరల్ మగవాళ్ళకి పదో తరగతి ఉండాలన్నారు. సుప్రీంకోర్టు కూడా ఆ ఏడాదే సరేనంది. అది రేపోమాపో మన దగ్గరికీ వచ్చేస్తుందని ఈయన పుస్తకాలు కొన్నాడు. రాలేదు. పైగా ఇక్కడి అడ్డంకి వేరు, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని. ఈయనకి ముగ్గురు. 2024 నవంబరులో శాసనసభ దాన్నీ ఎత్తేసింది. ఇప్పుడు నిలబడడానికి చదువూ అక్కర్లేదు, పిల్లల లెక్కా అక్కర్లేదు. అయినా మనవాడు పరీక్ష ఫీజు కట్టాడు.

అసలు కారణం ఆయన చెప్పడు, నేను చెబుతాను. మా ఊళ్ళో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉంది. 2008లో చట్టం చేసి పెట్టారు. ఆ పిల్లలు టీకి వస్తే ఈయన రిజిస్ట్రేషన్లూ, లింకు డాక్యుమెంట్లూ, అడంగలూ గురించి గంటసేపు పాఠం చెబుతాడు. తప్పులుండవు కూడా. ఒకరోజు ఓ పిల్ల నోట్సు రాసుకుంటూ, "అంకుల్, మీరు ఏ కాలేజీలో చదివారు?" అంది. "అదో పెద్ద కథమ్మా" అని బండి తీశాడు. ఫీజు కట్టింది ఆ వారంలోనే.

మన రాష్ట్రం తీరూ తక్కువేం కాదు. సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని దేశంలో అందరికంటే ముందు, 1982లోనే చట్టం చేసి పెట్టుకున్నాం. అప్పట్లో బడి మొహం చూడనివాడు కూడా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరగలిగేవాడు. ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది మాత్రం 1991లో. మేడమీద గది ముందు కట్టి, మెట్లు తొమ్మిదేళ్ళకి కట్టామన్నమాట. పైన వయసు పరిమితి లేదు, పద్నాలుగు నిండితే చాలు. ఒక్కసారి చేరితే అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు. మనవాడికి ఇందులో నచ్చింది ఆ తొమ్మిదే.

చదవడం మాత్రం దొంగచాటుగా. పేపరు విప్పి దాని వెనక సైన్సు పుస్తకం. అర్థం కాకపోతే కడగొట్టువాణ్ణి పిలిచి, "నీకొచ్చో లేదో చూద్దుం, చెప్పు" అంటాడు. వాడూ టెన్తే. రోజూ తండ్రికి అప్పజెప్పీ అప్పజెప్పీ వాడు క్లాసు ఫస్టు వచ్చాడు. ఈయన మటుకు ‘చెప్పాడు కదా’ అన్న ధీమాతో పుస్తకం మూసేసేవాడు.

ఆదివారం తరగతుల్లో పక్క బెంచీ అంగన్‌వాడీ ఆయాది. టెన్త్ ఉంటే కార్యకర్త పోస్టుకి వెళ్ళొచ్చని వచ్చింది. ఆమె రాసుకునేది, ఈయన ఫోను మాట్లాడేవాడు. పాఠం అవగానే మాస్టారు పుస్తకం మూసి, "సార్, లంకెలపాలెం వైపు గజం ఎంతుందండీ?" అనేవారు. ఆ కాసేపూ తరగతి ఈయనదే.

ఫలితాలొచ్చాయి. ఆయా అయిదూ పాసై ఈయన ఇంటికి మైసూరుపాకు పట్టుకొచ్చింది. "అన్నయ్యగారూ, మీదేటి?" "నాలుగు కొట్టీసేనమ్మా! ఒకటి నిలిపీసేరు." ఏది నిలిపారో చెప్పకుండా ఫోను జేబులో పెట్టుకోబోతుంటే, లోపల్నుంచి భార్య వచ్చి లాక్కుని చూసింది. గృహవిజ్ఞానం.

"పాతికేళ్ళ నుంచి నాను చెప్తన్నదే, వాళ్ళు మార్కులేసి మరీ చెప్పేరు" అని ఆయాకి గ్లాసుతో నీళ్ళిచ్చి, మొగుడి వైపు తిరిగింది.

"మళ్ళీ ఫీజు కట్టినప్పుడు నా పేరు కూడా ఎక్కించు. లెక్కలు కొట్టేయకు."