నడుముకు కరెంటు

మొగుళ్లపల్లి రైతుకు కరెంటు రెండు చోట్ల కావాలి: బావి మోటారుకు, నడుముకు. మోటారుకు 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచితం చేశారు. నడుముకు మాత్రం సిట్టింగుకింత.

పత్తి ఏరీ, నాట్లేసీ నడుము పట్టేసిన అక్క పరకాలకో, వరంగల్‌కో బస్సెక్కుతుంది. అక్కడ రబ్బరు పట్టీలు అంటించి కరెంటు పెడతారు. జివ్వుమంటుంది. జివ్వుమన్నదంటే పనిచేస్తున్నట్టే గదా! తర్వాత చల్లటి జెల్లు పూసి అల్ట్రాసౌండ్ తిప్పుతారు. అది జివ్వు కూడా మనదు, అందుకే దాని మీద భక్తి ఇంకా ఎక్కువ. ఆపైన బల్లకు కట్టి నడుము గుంజుతారు, పోయేటప్పుడు బెల్టు కట్టి పంపుతారు. నొప్పి తగ్గితే మిషన్ మహిమ. తగ్గలేదా, సిట్టింగులు చాలలేదన్నమాట. ఓడిపోయే దారే లేని వైద్యమిది.

చర్మం మీద పట్టీలతో పెట్టే టెన్స్ కరెంటు, అల్ట్రాసౌండ్, ట్రాక్షన్, బెల్టు. దీర్ఘకాలిక నడుము నొప్పికి ఈ నాలుగూ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. జెనీవాలో బయలుదేరిన ఆ కాగితానికి దారిలో ఎక్కడో నడుము పట్టేసినట్టుంది, ఇంకా పరకాల చేరలేదు.

స్కానింగ్ ఫిల్ము సంగతి వేరే. ‘డిస్కు అరిగింది’ అన్న ఒక్క మాటతో మనిషి సగం మంచాన పడుతుంది. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, 20 ఏళ్ల వాళ్లలో 37 శాతానికి, 50 ఏళ్ల వాళ్లలో 80 శాతానికి డిస్కు అరుగుదల కనిపించింది. తల నెరిసిందని ఎవరూ సూది వేయించుకోరు. డిస్కుకే ఈ రాజమర్యాద.

ఇక సలహా: ‘వంగొద్దు, బరువెత్తొద్దు, పడుకో.’ వంగకుండా నాటేసే విద్య చెప్పినాయనకే తెలియాలి. 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల్లో అప్పుడే నడుము పట్టేసిన 186 మందిని పరీక్షించారు. మంచమెక్కినవాళ్ల కన్నా, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజూ చేసే పనే చేసుకున్నవాళ్లు ముందు కోలుకున్నారు.

పాతబడ్డ నొప్పికి వ్యాయామం మంత్రమేమీ కాదు. 249 ప్రయోగాలు కలిపి 2021లో లెక్క తీస్తే, 100 మార్కుల నొప్పిలో అది తగ్గించేది సుమారు 15. అయినా అది వైరు లేని వైద్యం, ఇంట్లో చేసుకునేది, మళ్లీ మళ్లీ డబ్బు అడగనిది. లోపమంతా అక్కడే ఉంది. అరగంట కూర్చోబెట్టి కదలికలు నేర్పిన ఫిజియోథెరపిస్టుకు దక్కే సర్టిఫికెట్: ‘ఆయన ఏం పెట్టలే, వట్టిగనే పంపిండు.’

కనుక ఒక రాజీ మార్గం. మిషన్ ఉండనివ్వండి, బిల్లూ ఉండనివ్వండి. పట్టీలు శ్రద్ధగా అంటించి, ప్లగ్గు మాత్రం పీకేసి, ఆ 20 నిమిషాలూ కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, వంగడం చేయించండి. వైర్లు కాళ్లకు అడ్డం పడితే దాటించండి, దానికి వేరే ఫీజు వేసుకున్నా ఎవరూ అడగరు.