దేవుడికి డంగు సున్నం, మనకు స్లాబు

యాదగిరిగుట్ట నరసింహస్వామి అదృష్టవంతుడు. 2022 మార్చిలో ఆయన కొత్త ఆలయంలో కొలువుదీరాడు. అంతా నల్లరాయి, డంగు సున్నం; సిమెంటు జోలికి పోలేదు. గుడి తరతరాలు నిలవాలి మరి. మన ఇల్లు బ్యాంకు వాయిదాలు తీరేదాకా నిలిస్తే చాలు, అందుకే స్లాబు.

సున్నం మాత్రం రాయిని కాల్చకుండా వస్తుందా అని అడ్డం పడేవాళ్లుంటారు. రాదు. కానీ 900 డిగ్రీలకు కాస్త అటూఇటుగా కాలుతుంది; గట్టిపడేటప్పుడు, రాయి వదిలిన బొగ్గుపులుసు వాయువును చాలామటుకు మళ్లీ పీల్చుకుంటుంది. సిమెంటు బట్టీకి 1450 డిగ్రీలు కావాలి. ప్రపంచం వదిలే ఆ వాయువులో దాదాపు 8 శాతం సిమెంటు ఖాతాలోదే. రేపు బొగ్గు మానేసి ఎండతో కాల్చినా సున్నపురాయి తన వాటా వాయువును వదిలే తీరుతుంది. ఆ రాయి మన మట్టంపల్లి, మేళ్లచెరువు కింద దండిగా ఉంది. అక్కడే బట్టీ ఎక్కి, బస్తాలో దూరి, లారీ మీద ఊళ్లోకి దిగుతుంది, బిల్లుతో సహా.

ఇక ఆ సిమెంటు మోసే పాలమూరు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టాలన్నా పాలమూరు లేబర్ పోవాల్సిందే. వాళ్లు పుట్టిన ఇళ్లు మాత్రం మట్టి మిద్దెలు. మూరెడు మందం గోడ, దూలాలు, వాసాలు, పైన చవుడు. వానల ముందు నాలుగు గంపల చవుడు పోసి తొక్కితే ఆ ఏడాదికి మరమ్మతు అయినట్టే. అయినా కురిసేవి, తేళ్లు పడేవి, అబద్ధమెందుకు? ఆ తంటాలు తీర్చడానికి బుర్ర పెట్టిన ఇంజినీర్లు తక్కువ. కూల్చడం సులువు కదా.

2025 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో తెలంగాణ ముఖ్యమంత్రి ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఓ ఇంటికి శంకుస్థాపన చేశారు. 5 లక్షలు, విడతలవారీగా. అన్నింట్లో పెద్ద విడత స్లాబు పడ్డాకే. మట్టి మిద్దె వేసుకుంటానని ఎవరన్నా అంటే సార్లు జాలిగా చూస్తారు.

స్లాబు కాలుతోందా? దానికీ మందుంది. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పుకు తెల్ల పూత వెయ్యాలి. లక్ష్యం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లు. 600 గజాల లోపు ఇళ్లవాళ్లకు మాత్రం అది వాళ్ల ఇష్టం. నల్లగొండ ఎండ గజాలు చూసి కాయదు, అదొక్కటే చిక్కు.

మే నెల మిట్టమధ్యాహ్నం, మిర్యాలగూడ దగ్గర ఓ ఊరు. కొత్త స్లాబు ఇల్లు, స్టీలు గేటు, ముందు గోడంతా టైల్స్. ఇంటాయన వెనక తాటాకు కొట్టంలో, బర్రె పక్కన నులక మంచమేసుకుని ఉన్నాడు. ఆ కొట్టానికి ఏ గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్టూ లేదు. బర్రె అడగలేదు కూడా.

"తాతా, ఇంట్ల ఏసీ పెట్టిచ్చిండ్రు గద?"

"పెట్టిచ్చినం బిడ్డా. కరెంటు బిల్లు జూసి కొడుకు బంద్ జేసిండు."

"మరి ఇంట్ల ఎవలుంటరు?"

"సుట్టాలొస్తే సూపెడతం."