తిన్నెల మీదికి ట్రైలర్: వినకూడని సలహాలు

జూన్ వచ్చిందంటే అడిలైడ్‌లో మా తెలుగు ఇళ్లలో ఎక్కడ నలుగురు కలిసినా ఎడారి మాటే. జూలైలో పిల్లలకు సెలవులు. ఎండ తీవ్రత ఉండదు. సింప్సన్ ఎడారి దాటడానికి అదే అదను. ఈ ఏడు మా వీధి కుర్రాడొకడు అద్దెకు క్యాంపర్ ట్రైలర్ మాట్లాడుకున్నాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, వెనక ఆ ట్రైలర్. మొన్న భోజనాల దగ్గర అతనికి ఒక్కొక్కరూ సలహాలు చెబుతుంటే వింటూ కూర్చున్నాను. నాకు ముద్ద దిగలేదు. అందులో సగం నేనూ ఒకప్పుడు నమ్మినవే, నమ్మి నష్టపోయినవే. వాటిని అతని కోసం, అతనిలా బయల్దేరేవాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఇవి వినకండి.

"టైర్లలో గాలి తీయకు, రిమ్ములు పాడవుతాయి. గట్టిగా తొక్కితే అదే ఎక్కుతుంది." అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే, ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే. సింప్సన్‌లో ఉన్నది ఒక తిన్నె కాదు, రెండు కాదు. పదకొండు వందలకు పైగా తిన్నెలు, దున్నిన చాళ్లలా ఒకదాని పక్కన ఒకటి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతాయి. కొన్ని రెండు వందల కిలోమీటర్ల పొడవుంటాయి. మనం వాటికి అడ్డంగా వెళ్లాలి. తూర్పుకు పోయేకొద్దీ వాటి ఎత్తు పెరుగుతుంది. బర్డ్స్‌విల్ ఊరికి ముప్పై అయిదు కిలోమీటర్ల ఇవతల ఉన్న ‘బిగ్ రెడ్’ సుమారు నలభై మీటర్లు. రోడ్డు మీద నడిపే 35, 40 పీఎస్ఐ గాలితో ఇసుకలోకి దిగితే టైరు దాని మీద నిలవదు, దాన్ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది. అదే గాలిని 15–18కి దించితే టైరు పొడుగ్గా పరుచుకుని, బరువు ఎక్కువ చోటికి పంచుతుంది. కారు టైర్లకే కాదు, ట్రైలర్ టైర్లకూ దించాలి. చాలామంది మరిచిపోయేది అక్కడే. ముందు కారు తేలుతుంటే వెనక ట్రైలర్ నాగలిలా దున్నుకుంటూ వస్తుంది. గాలి తగ్గించాక వేగం కూడా తగ్గించాలి, గట్టి రోడ్డు తగలగానే మళ్లీ నింపుకోవాలి. అందుకే గేజీ, చిన్న కంప్రెసర్ చేతికందే చోట ఉండాలి, సామాన్ల అడుగున కాదు.

గాలి తీయకుండా తొక్కితే ఏమవుతుందో నేను చేసి చూశాను. ట్రైలర్ బరువు వెనక్కి లాగుతుంటే చక్రాలు తిరిగిన చోటే తిరిగి ఎక్కుడులో గుంట పడుతుంది. వెనక్కి వచ్చి మళ్లీ ఊపుగా వెళితే కారు ఆ గుంటలో ఎగిరి, దాని పైన ఇంకో గుంట. మూడోసారి నేను ఎక్కాను. నెత్తి మీద ఆగి చూస్తే కింద వరసగా మోకాలి లోతు గోతులు. వాటి ముందు ఒక ముసలి దంపతులు తమ పాత బండి ఆపుకుని నిలబడి ఉన్నారు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. పార తీసుకుని నా గోతులు పూడ్చడం మొదలుపెట్టాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. దిగివెళ్లి ఆయనతోపాటు గంటసేపు ఇసుక లాగాను. ఆ ఎక్కుడు పూర్తిగా బాగుపడలేదు.

"ఎటు నుంచి వెళ్లినా ఒకటే" అనేది ఇంకో మాట. కాదు. చాలా తిన్నెలకు పడమటి వాలు మెల్లగా ఉంటుంది, తూర్పు వాలు నిటారు. ట్రైలర్ ఉన్నవాళ్లు మౌంట్ డేర్, డల్హౌసీ వేడినీటి బుగ్గల వైపు నుంచి తూర్పుకు రావడమే తక్కువ కష్టం. పొద్దున్నే బయల్దేరండి. రాత్రి చలికి ఇసుక కాస్త బిగిసి ఉంటుంది, మధ్యాహ్నానికి పిండిలా విడిపోతుంది.

"సగంలో ఆగిపోతే మెల్లగా పక్కకు తిప్పుకుని దిగు." ఇది చెప్పినాయన మంచివాడే, కానీ వాలు మీద బండి అడ్డం తిరిగితే పల్టీ కొడుతుందన్న సంగతి మరిచాడు. ఆగిపోయారంటే రివర్స్ గేరు వేసి, స్టీరింగు నిటారుగా పట్టి, వచ్చిన జాడలోనే వెనక్కి దిగాలి. ట్రైలర్ ఉంటే ఇది పదింతలు కష్టం. అది ఒక పక్కకు మడతపడి కారును కూడా లాగేస్తుంది. ఖాళీ మైదానంలో ట్రైలర్‌ను తిన్నగా వెనక్కి నడపడం చేతకానివాళ్లు ఎడారిలో నేర్చుకుందామని పోకండి. దిగేటప్పుడూ అంతే. ట్రైలర్ వెనక నుంచి నెడుతుంది. గాభరాపడి బ్రేకు బిగిస్తే తోక పక్కకు తిరుగుతుంది. అప్పుడు కాస్త యాక్సిలరేటర్ ఇస్తే మళ్లీ వరసలోకి వస్తుంది. ఆపాలనిపించే చోట ముందుకు పోనివ్వాలి, ఇది అలవాటయ్యేదాకా కష్టమే.

ఇప్పుడు చెప్పేది ప్రాణం తీసే సలహా. "ఇరుక్కుంటే టో బాల్‌కి పట్టా తగిలించి ఇంకో బండితో ఒక్క గుంజు గుంజించు." వద్దు. ఎవరు చెప్పినా వద్దు. టో బాల్ ట్రైలర్‌ను నిలకడగా లాగడానికి చేసిన ముక్క. సాగే పట్టా ఒక్కసారిగా గుంజే బలానికి అది విరిగితే ఆ ఇనుప గుండు అద్దం చీల్చుకుని లోపలికి వస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా మనుషులు చచ్చిపోయారు. పట్టా తగిలించాల్సింది బలం ఇంతని ముద్ర వేసి, ఛాసిస్‌కు బిగించిన రికవరీ పాయింటుకే. పట్టా మీద బరువైన గుడ్డ వేయాలి. చూసేవాళ్లు పట్టా పొడవుకు ఒకటిన్నర రెట్లు అవతల నిలబడాలి. పిల్లలు ఇంకా దూరంగా, ఒక పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని.

అసలు గుంజడం ఆఖరి పని. మా తాతగారు గోదావరి లంకల్లో ఎడ్లబండి తోలేవారు. ఇసుకలో చక్రం దిగబడితే ఎద్దుల మీద చెర్నాకోల ఎత్తేవారు కాదు. ముందు బస్తాలు దించేవారు. చక్రం ముందున్న ఇసుక చేతులతో తోడి, తాటాకులు పరిచేవారు. తర్వాత ఎద్దుల వీపు నిమిరి, "హై" అనేవారు. సింప్సన్‌లోనూ వరస అదే. ట్రైలర్ విప్పండి, ఇసుక తీయండి, రికవరీ బోర్డులు పెట్టండి. కారు ఒక్కటే పైకి వచ్చాక విన్చ్‌తో ట్రైలర్‌ను నిదానంగా లాక్కోండి. గంట పడుతుంది, పట్టనివ్వండి.

"ట్రైలర్ ఉందిగా, అన్నీ పడేసుకోండి" అని ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకేలా చెబుతారు. పాతిక కిలోల బియ్యం బస్తా, గ్రైండరు, రెండు గ్యాసు బండలు, కుర్చీలు. ప్రతి కిలో ప్రతి తిన్నెనూ ఎక్కాలి. మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్‌కు సుమారు 500 కిలోమీటర్లు, మధ్యలో బంకు లేదు. ఇసుకలో బండి తాగే డీజిలే ఎక్కువ, ట్రైలర్ లాగితే ఇంకా ఎక్కువ. తగ్గించాల్సింది గ్రైండరు, నీళ్లు కాదు.

జెండా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తిన్నె నెత్తి మీదికి ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒకదానికొకటి కనపడవు. ఎత్తు కడ్డీకి జెండా తప్పనిసరి, దాని పైఅంచు నేల నుంచి కనీసం మూడున్నర మీటర్లుండాలి. యూహెచ్ఎఫ్ రేడియో 10వ ఛానెల్‌లో పెట్టుకుని, ట్రైలర్‌తో వస్తున్నామని మధ్యమధ్య చెబుతూ ఉండండి. జెండా ఫొటోలో బాగుండదని విప్పేసినవాళ్లను చూశాను. చాలా కోపం వచ్చింది.

"బండి చెడితే నడిచి పోయి సాయం తెచ్చుకోవచ్చు" అన్నాడొక యువకుడు. 1963 డిసెంబరులో, ఇదే ప్రాంతంలో, బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఇంధనం అయిపోయి, బండి వదిలి వెళ్లిన ఒక కుటుంబంలో అయిదుగురూ దాహంతో చనిపోయారు. బండి నీడనిస్తుంది, పైనుంచి వెతికేవాళ్లకు కనిపిస్తుంది. మనిషి కనపడడు. శాటిలైట్ ఫోను లేకుండా పోవద్దు, బండిని వదలవద్దు. వేసవిలో, అంటే 1 డిసెంబరు నుంచి 15 మార్చి వరకు, దక్షిణ ఆస్ట్రేలియా వైపు ఈ ఎడారి పార్కును మూసే ఉంచుతారు. ఆ గేటు దగ్గర వాదించకండి.

"ట్రాక్ చెడిపోతే పక్కనుంచి కొత్త దారి వేసుకో." దీనికి జవాబు చెప్పేటప్పుడు నా గొంతు మారుతుంది. 2021లో ముంగా-థిర్రి–సింప్సన్ ఎడారి జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ నేలను ఖాళీ ఇసుక అనుకుంటారు. ముంగా-థిర్రి అంటే వాంగ్కంగుర్రు భాషలో పెద్ద ఇసుక తిన్నెల నేల అని. ఆ జనం మికిరి అనే లోతు బావులు తవ్వుకుని, వాటిని పట్టుకుని తరతరాలు ఇక్కడ బతికారు. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఉన్నారు. తిన్నె నెత్తిన గడ్డి దుబ్బులే ఇసుకను పట్టి ఉంచుతాయి. ఒక్క చక్రం వాటి మీదుగా పోతే వెనక వచ్చే పదిమంది ఆ జాడనే పట్టుకుంటారు. గుంట కనబడితే దిగి పారతో పూడ్చండి, పక్కకు తిరగకండి. ఉప్పు సరస్సుల దగ్గర మరీ జాగ్రత్త. పైన తెల్లగా పెచ్చు కనిపిస్తుంది, కింద బురద. ట్రైలర్‌తో అందులో దిగితే తియ్యడానికి వేల డాలర్లు అడుగుతారు. అద్దె ట్రైలర్లకు చాలా ఒప్పందాల్లో ఎడారి దాటకూడదనే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. చదివే సంతకం పెట్టండి.

ఇన్ని చెప్పాక ఆ కుర్రాడు నన్ను సూటిగా అడిగాడు, "అయితే అంకుల్, ట్రైలర్ తీసుకెళ్లమంటారా, వద్దంటారా?" వద్దన్నాను. పార్కు వాళ్లు కూడా ఇక్కడ ట్రైలర్లు తీసుకురావద్దనే చెబుతారు. తప్పదనుకుంటే రిగ్ రోడ్డు చూసుకోవాలి. చమురు తవ్వే యంత్రాలు తీసుకుపోవడానికి తిన్నెల మీద బంకమన్ను పరిచి వేసిన దారి అది. చాలా చోట్ల మట్టి లేచిపోయినా, ఎక్కుళ్లు తక్కువ. దూరం ఎక్కువ.

పోయినసారి మేం రెండు గుడారాలతో, కారు పైన సామాన్లతో వెళ్లాం. పప్పు, అన్నం, ఆవకాయ, అంతే. రెండు రాష్ట్రాలు, ఒక టెరిటరీ కలిసే పాపెల్ కార్నర్ దగ్గర పిల్లలు స్తంభం చుట్టూ గుండ్రంగా పరిగెత్తి, మూడింటినీ ఎన్నిసార్లు తిరిగామో లెక్కపెట్టుకున్నారు. బిగ్ రెడ్‌ను రెండోసారికి ఎక్కాం, చక్రం తిరుగుడు లేకుండా. ఈ మాటలు విని ఆ కుర్రాడు ఫోను తీసి బుకింగ్ కాగితం నాకు చూపించాడు. డబ్బు పోకుండా రద్దు చేసుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.