నా నొప్పే అందరి నొప్పి అనుకున్నాను

నడుము నొప్పి సంగతి నాకు తెలుసన్న గర్వం నా చేత చేయకూడని పని చేయించింది. విత్తనాల కంపెనీ పని మీద జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి తిరుగుతూ ఏళ్ల తరబడి బండి సీటు మీదే బతికినవాణ్ణి. ఎడమ తుంటి బిగుసుకుపోయి, పిరుదు నుంచి పిక్క దాకా మంట దిగింది. నరం పట్టేసింది, గుంజితే వదులుతుందనుకొని రోజూ కాలు బల్ల మీద పెట్టి గుంజాను. మంట పాదానికి పాకింది.

వరంగల్‌లో డాక్టరు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకి లేపించారు. సగం లేవకముందే ప్రాణం పోయినంత పనైంది. వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందన్నారు. తుంటి చుట్టూ కండరాలు బిగుసుకున్నది ఆ చోటు కదలకుండా కాపాడటానికట. నేనేమో కాపలావాణ్ణి కొడుతూ ఇల్లు నిలబెట్టుకోవాలని చూశాను. గుంజడం మానేసి, కూర్చోవడం తగ్గించి, మెల్లగా నడక పెంచితే కొన్ని వారాల్లో తగ్గింది. సయాటికా అనే ఈ నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

తగ్గాక నేనే వైద్యుణ్ణయ్యాను. జనగామ పల్లెల్లో నాట్లేసే అక్కలకు, మహబూబాబాద్ మిర్చి యార్డులో హమాలీలకు అడగకుండానే సలహాలిచ్చాను. విచిత్రం ఏమిటంటే, నాకు పనికిరాని ఆ గుంజుడునే మళ్లీ చెప్పాను. నాకు మొండి నొప్పి కనుక పడలేదని, మామూలు వాళ్లకు పనిచేస్తుందని నమ్మాను.

భూపాలపల్లి నుంచి బావమరిది ఫోన్ చేశాడు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. "బావా, నడుం కాడ ఒక్క దిక్కే మంట మండుతాంది. అంగి తగిల్తే ఓర్వలేక పోతున్న."

"నాక్కూడ గట్లనే ఉండె. డంపర్ కుదుపులకు నరం పట్టింది. నూనె కాగవెట్టి రుద్దిపిచ్చుకో, కాలు గుంజు" అన్నాను.

రెండ్రోజులకు పొక్కులు లేచాయన్నాడు. నూనె వేడికి లేచి ఉంటాయన్నాను. చూడకుండా, పడుకోబెట్టకుండా, ఫోన్లో అన్నాను.

చివరికి అత్తమ్మ అంగీ ఎత్తి చూసి, "ఇది అక్కిరా బిడ్డా" అంది. వెన్ను నుంచి కడుపు దాకా ఒకే పక్క పట్టీలా సాగిన పొక్కులు. జాజు పూసేవాళ్ల కోసం కబురు పెట్టింది కానీ జబ్బు పేరు మాత్రం సరిగ్గా చెప్పింది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల మూలంలో దాగి ఉండి ఏళ్ల తర్వాత లేస్తే అది అక్కి. పొక్కులు కనబడకముందే మంట మొదలవుతుంది. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులు నా మాటల్లో పోయాయి. పొక్కులు మానినా మంట మానలేదు. ఇప్పటికీ ఆ పక్కకు తిరిగి పడుకోలేడు. నన్ను ఒక్క మాట అనలేదు.

1764లోనే కొటూన్యో అనే ఇటలీ వైద్యుడు తుంటి కీలు నొప్పి వేరు, నరం నొప్పి వేరు అని విడదీసి పుస్తకం రాశాడని తర్వాత చదివాను. మంట ఒకటే అయినా కారణం డిస్కు కావచ్చు, అరిగిన కీలు కావచ్చు, షుగర్‌తో దెబ్బతిన్న నరం కావచ్చు, వెన్నుకు పట్టిన టీబీ కావచ్చు. సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గావా, పాదం జారుతోందా, తొడల మధ్య మొద్దుబారిందా, మూత్రం ఆగిపోతోందా అని వరంగల్ డాక్టరు నన్ను వరసగా అడిగారు. చివరి మూడింటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి రావాలన్నారు. అవన్నీ విని కూడా నేనెవరినీ ఒక్కటీ అడగలేదు.

ఫాల్గుణంలో మిర్చి యార్డు నిండుతుంది. కాలు గుంజమని నేను చెప్పిన హమాలీ ఒకాయన అప్పటికే కుంటుతున్నాడు. ఆయన్ను వెతికి, ఆ మాట వెనక్కి తీసుకొని, ఈ ప్రశ్నలు అడగాలి. వస్తానంటే నా బండి మీదే వరంగల్ తీసుకెళ్తాను.